ముందు నువ్వు మింగు

నాతో మాట్లాడాలంటే ఎడమ చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరవాలి. కుడి చెవి పూర్తిగా పోయింది. ఈ మాట మొదటే చెబుతున్నాను, ఎందుకంటే నా చోటికి రాబోయే దంపతులు నన్ను చూడగానే "పాపం ముసలావిడ, వయసు మీద పడి చెవుడొచ్చింది" అనుకుంటారు. వయసు వల్ల కాదు నాయనా, ఉద్యోగం వల్ల.

ఉద్యోగం అన్నానా? జీతం లేదు, సెలవు లేదు, పెన్షను అంతకంటే లేదు. మన సంఘం వాళ్లు దీన్ని సేవ అంటారు. మా ఊళ్లో సభ పెట్టి, మా ఇద్దరి మెడల్లో చేమంతి దండలు వేసి, మారిషస్ చెరుకు తోటల్లో మగ్గిపోతున్న మన తెలుగువాళ్లకి అక్షరమూ మందూ అందించి రమ్మని ఓడ ఎక్కించారు. దండలు వేసినవాళ్లలో ఒక్కరూ ఓడ ఎక్కలేదు. మావారు అంతకుముందు ఆసుపత్రిలో కాంపౌండరు, నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మాకు పిల్లలు లేరు. పిల్లల్లేని మొగుడూపెళ్లాల్ని దేశసేవకి పంపడం సంఘాలకి మహా సులువు.

ఇప్పుడు మీరు వస్తున్నారట. మీకు పనికొచ్చేదేదో నాలుగు మాటలు రాసిపెట్టమన్నారు. ఓడ సంగతులూ, సన్మానాలూ నేను రాయను. అవి సంఘం వాళ్లే రాసుకుంటారు.

ఊరూ, ఉక్కా, మేమిద్దరం

ఫ్లాక్ సంత దాటి కొండలవైపు బండిబాట పట్టుకుంటే, చెరుకు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉంటుంది మా ఊరు. ఊరంటే ఒక చక్కెర మిల్లు, మేనేజరు దొర బంగళా, రెండు చీనా దుకాణాలు, కూలీల కాంపు. కాంపు అంటే వరసగా రెల్లు గడ్డి కప్పిన గుడిసెలు. వెనక అడవి, ముందు చెరుకు, మధ్యలో మేము. గాలి ఎటునుంచీ రాదు.

ఆ ఉక్క సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. ఆరేసిన చీర సాయంత్రానికి ఆరదు, ఒంటిమీద కట్టుకున్నాక ఆరుతుంది. ఉప్పు కుండలోనే నీరైపోతుంది. అగ్గిపుల్ల వెలగదు. మావారి బూట్లు నాలుగు రోజులు తొడుక్కోకపోతే ఆకుపచ్చగా బూజు పట్టేవి. సంఘం వాళ్లు మాతో పంపిన పెద్ద బాలశిక్షలన్నీ మొదటి వర్షాకాలంలోనే చెదపురుగులు చదివేశాయి. అడవి కోతులు వంటింట్లోకి దూరి అరటిపళ్లు ఎత్తుకుపోయేవి. మిల్లు ఆడే నెలల్లో బెల్లపు మడ్డి వాసన అన్నంలోకి కూడా ఎక్కేది.

తెల్లవారకముందే మిల్లు గంట కొడుతుంది. కూలీలు పొలానికి కదలకముందే మావారు చలిజ్వరానికిచ్చే క్వినైన్ పొడి డబ్బా పట్టుకుని కాంపుకి వెళ్లేవారు. వాళ్లు వెళ్లాక నేను బయల్దేరేదాన్ని, ఇళ్లల్లో మిగిలిన బాలింతల కోసం, మంచం పట్టినవాళ్ల కోసం. మధ్యాహ్నం ఇద్దరం ఇంటికొచ్చి, ఉడికిన కందిపప్పూ ఆకుకూరా తిని, చెమటలు కక్కుతూ పోట్లాడుకునేవాళ్లం. దేని గురించి అని అడగకండి. ఆ ఎండలో ఏదైనా సరిపోయేది. మజ్జిగ పలచనైందని ఒకరోజు, దేశోద్ధరణ గురించి ఒకరోజు.

సాయంత్రం బడి. కాంపు చివర పాక ఒకటుండేది, దాన్ని అందరూ బైఠకా అనేవారు. భజనైనా పంచాయతీ అయినా అందులోనే. పగలంతా చెరుకులో వొంగిన పిల్లలు 'అ ఆ' అంటూ అంటూనే నిద్రకి తూలేవాళ్లు. మావారికి కోపం వచ్చేది. "పడుకోనివ్వండి, వాళ్లకి నిద్రకంటే మీ గుణింతం ఎక్కువా?" అనేదాన్ని. ఆయన పలక బల్లమీద పెట్టి బయటికి వెళ్లి నిలబడేవారు.

ఆయన చెడ్డవారు కాదు. మంచివారు, అదే చిక్కు. తను మంచి పని చేస్తున్నానని గట్టిగా నమ్మినవాడికి పక్కవాళ్ల మాట వినబడదు. నాకు క్వినైన్ తో పోయింది వినికిడి, ఆయనకి పుట్టుకతోనే లేదు.

చలిజ్వరం

కాంపుకీ చెరుకుకీ మధ్య ఒక బాడవ ఉండేది. వాననీళ్లూ, మిల్లు పారబోసే నీళ్లూ అక్కడ చేరి కుళ్లేవి. దోమలు సాయంత్రమయ్యేసరికి పొగలా లేచేవి. కాంపులో చలిజ్వరం లేని ఇల్లు లేదు. పసిపిల్లల్ని చూస్తే కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్టలో బల్ల మాత్రం ఇంత పెరిగి ఉండేది. నేను ఊరికి వచ్చిన కొత్తలో అది బలం అనుకునేంత తెలివితక్కువదాన్ని కాదు గానీ, అంతమంది పిల్లలకి ఒకేచోట అలా ఉండటం మాత్రం ఎక్కడా చూడలేదు.

పైడమ్మ ఇల్లు బాడవకి అందరికంటే దగ్గర. ఆమె తల్లిదండ్రులు విశాఖ జిల్లానుంచి కూలికి వచ్చినవాళ్లు, ఆమె మాత్రం ఇక్కడే పుట్టింది. మాట కరుకు, చెయ్యి మంచిది. ఇద్దరు కొడుకులు జ్వరంతోనే పోయారు. మేం వచ్చిన కొత్తలో మందు ఇవ్వబోతే తలుపు వేసేసింది.

"దొర ఆసుపత్రిలో యేసే పొడే గదా ఇది? అక్కడికెల్లినోడు తిరిగొచ్చినాడేటి? మీ మందు మీరే తాగండి," అంది.

ఎన్నాళ్లో పట్టింది ఆమెని ఒప్పించడానికి. ఎలా ఒప్పించానంటే మందు గురించి మాట్లాడటం మానేశాను. వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చుని ఆమెతో కలిసి ఆకుకూర ఏరేదాన్ని. ఒకనాడు తనే నోరు తెరిచి నాలిక చాపింది. "యెయ్యి, సచ్చిపోతే నీ మీదే ఉసురు," అంది. వేశాను. చావలేదు. పైడమ్మ తాగితే కాంపంతా తాగింది, మింగారో లేదో నాలిక చాపించి చూసేదాన్ని. కొత్తవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఒక మనిషి నమ్మకం సంపాదించండి, మిగతావాళ్లు ఆమె వెనకాల వస్తారు. రెండో మాట ఇంకా ముఖ్యం. పోయేటప్పుడు కూడా అందరూ ఆమె వెనకాలే పోతారు.

అమ్మోరి గద్దె

బాడవ గట్టున ఒక మామిడి చెట్టు కింద పసుపు పూసిన రాయి ఉండేది. అదే అమ్మోరు. జ్వరాలొచ్చే నెలల్లో కాంపు ఆడవాళ్లు ఘటాలెత్తి, వేపమండలు పట్టుకుని, అమ్మోరి పండగ చేసేవారు. వానాకాలంలో ఆ రాయి చుట్టూ నీళ్లు నిలిచేవి. అమ్మ కాళ్లు తడుస్తున్నాయని పైడమ్మ ఏటా బాధపడేది.

మావారు సంస్కర్త. విగ్రహాలూ, రాళ్లూ, మేకపోతులూ అంటే ఆయనకి ఒళ్లు మంట. కానీ బాడవ పూడ్చాలి. పూడ్చమని మేనేజరుని ఎన్నిసార్లు అడిగినా, కూలీలు తీరిగ్గా లేరనేవాడు. ఆదివారం పొద్దున కూడా కాంపువాళ్ల చేత కూలి లేకుండా ఊడిపించి, తుడిపించేవారు ఎస్టేట్లో. దాన్ని కోర్వే అంటారు. ఇక తీరిక ఎక్కడినుంచి వస్తుంది?

ఒకరోజు భోజనం దగ్గర మావారి ముఖం వెలిగిపోతోంది. "కామేశ్వరీ, దొరికింది ఉపాయం," అన్నారు. "చెరుకు పొలాల్లో ఏరి కుప్పలు పోసిన రాళ్లున్నాయి కదా. కోర్వే అయ్యాక తలా ఒక రాయి మొక్కుగా తెచ్చి బాడవలో వెయ్యమందాం. పూడిన నేల అమ్మోరి గద్దె అవుతుంది. ఇక ప్రతి ఏడూ పండగ దానిమీదే."

"మీరు అమ్మోరిని నమ్మరు కదా?"

"వాళ్లు నమ్ముతారు కదా! దోమలు పోవడం మనకి కావాలి."

"ఆ నేల ఎవరిది?"

"మేనేజరుతో మాట్లాడతాను."

"మాట్లాడి, ఆయన ఒప్పుకున్నాక అప్పుడు చెప్పండి వాళ్లకి అమ్మోరి పేరు. ముందు వద్దు. దేవుడి పేరుమీద మాటిస్తే వెనక్కి తీసుకోలేం," అన్నాను.

సర్దారు సింహాద్రిని వెంటేసుకుని ఆయన బంగళాకి వెళ్లారు. సింహాద్రి మనవాడే, కూలీల మీద మేస్త్రీ, దొరగారి భాష వచ్చినవాడు. వాకిట్లో నిలబెట్టే మాట్లాడాడట మేనేజరు. నవ్వుతూ "వీ, వీ" అన్నాడట, అంటే సరే సరే అని. పూడ్చుకోండి, నాకేం అభ్యంతరం అని. పూడ్చాక నేల ఎవరిది అని మావారు అడగలేదు. సింహాద్రికి అనుమానం వచ్చే ఉంటుంది, వాడూ అడగలేదు. ఇంటికొచ్చి "ఒప్పుకున్నాడు" అని చెప్పారు మావారు. ఆ సాయంత్రమే బైఠకాలో అమ్మోరి పేరు చెప్పేశారు.

ఆ తరవాత చూసినదాన్ని ఇప్పటికీ మరచిపోలేను. కోర్వే చేసి వొళ్లు హూనమైనవాళ్లే, అది అయిపోగానే పొలాలవైపు పరుగెత్తేవారు. మగవాళ్లు బండరాళ్లు బరికర్రలకి కట్టి మోసుకొచ్చేవారు. ముసలమ్మలు కొంగులో గులకరాళ్లు తెచ్చేవారు. పిల్లతల్లులు బిడ్డని ఒక చంకన, రాయిని ఒక చంకన పెట్టుకుని వచ్చేవారు. ప్రతి రాయికీ పసుపు చుక్క పెట్టి, తమ ఇంటి పేరు చెప్పి, అమ్మా కాయమ్మా అని విసిరేవారు. పైడమ్మ తన చచ్చిపోయిన కొడుకులిద్దరి పేరా రెండు పెద్ద రాళ్లు తెచ్చి, అమ్మ కాళ్లు తడవకుండా అమ్మోరి రాయి పక్కనే పెట్టింది. తవ్విన మట్టి పైన పోశారు. డప్పులు కొట్టారు. ఈ దేశంలో వాళ్లు తమకోసం తాము చేసిన పని అదొక్కటేనని నాకు తోచింది.

బాడవ పూడింది. ఆ ఏడు జ్వరాలు తగ్గాయి. అమ్మోరి పండగ కొత్త గద్దె మీద చేశారు. మావారు కూడా వెళ్లి నిలబడ్డారు, అందరూ ఆయన కాళ్లకి పసుపు నీళ్లు పోశారు. ఆయన కళ్లల్లో నీళ్లు చూశాను. సరే, నా మాట తప్పైతే అయింది అనుకున్నాను.

చెరుకు

మరుసటి నాటు కాలం వచ్చింది. ఒకరోజు పొద్దున చూస్తే వేరే కాంపు కూలీలు గద్దె మీద గోతులు తీస్తున్నారు. పూడిన నేల మహా సారవంతమట. అమ్మోరి రాయిని పెకలించి, బండి బాట పక్కన పెట్టారు. పైడమ్మ కొడుకుల రాళ్లు ఎక్కడ పోయాయో తెలియదు.

మావారు బంగళాకి పరుగెత్తారు. మేనేజరు కోప్పడలేదు, అదే ఇంకా దారుణం. నేల ఎస్టేటుది, నేను మిమ్మల్ని పూడ్చుకోమన్నాను, ఇస్తానన్నానా అని అడిగాడట.  చెరుకుకి కాలవ తవ్వారు, నీళ్లు మళ్లీ నిలిచాయి, దోమలు తిరిగొచ్చాయి.

కాంపువాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. గుమ్మంలో కూర్చుంటే పీట వేసేవారు, మాట్లాడేవారు కాదు.

చెరుకు పక్వానికి వచ్చింది. కోతకి మా కాంపు ముఠానే పెట్టాడు మేనేజరు. ఎవరూ కదల్లేదు. కత్తులు పట్టుకుని గట్టున నిలబడ్డారు. సింహాద్రి కర్ర ఊపుతూ అరిచాడు.

పైడమ్మ ముందుకొచ్చింది. "అమ్మోరి గద్దె మీద కత్తి యెట్టలేమురా సింహాద్రీ. కొడితే కొట్టు. సచ్చిపోయిన నా గుంటల పేరెట్టి ఏసిన రాళ్లున్నాయి ఆ కింద."

రోజు మానేస్తే అప్పట్లో ఎస్టేట్లలో రెండు రోజుల కూలి కోసేవారు. ఎక్కువ రోజులైతే పోలీసులు వచ్చి జైలుకి తోలేవారు. మేనేజరు మావారిని పిలిపించాడు. నీ మాట వింటారు కదా, నువ్వు చెప్పు అన్నాడు. నేను గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"వెళ్లకండి. మీరు వాళ్లని ఒకసారి అమ్మోరి పేరు చెప్పి కదిలించారు. ఇప్పుడు దొర పేరు చెప్పి కదిలిస్తే ఇక మనకి ఈ ఊళ్లో ముఖం లేదు."

"వెళ్లకపోతే వాళ్లని జైల్లో వేస్తారు కామేశ్వరీ! పసిపిల్లలున్నారు!"

ఆయన అన్నది అబద్ధం కాదు. నేనన్నదీ అబద్ధం కాదు. ఆయన వెళ్లారు. గట్టుమీద నిలబడి ఏం చెప్పారో నేను వినలేదు. చాలాసేపు చెప్పారట, దణ్ణాలు కూడా పెట్టారట. చివరికి కాంపువాళ్లు తలలు దించుకుని చెరుకులోకి దిగారు. పైడమ్మ ఒక్కర్తే దిగలేదు. ఆమె కూలి కోసేశారు.

సాయంత్రం నేను క్వినైన్ డబ్బా పట్టుకుని వెళితే, గుమ్మంలో కూర్చుని ఉంది. డబ్బా చూసింది, నా వంక చూసింది.

"పంతులుగోరు మొన్న అమ్మోరి పూజారి, ఇయ్యాల దొర సర్దారు. మీ సేతి మందొద్దమ్మా. ఎల్లిపో."

వెళ్లిపోయాను. ఆ రోజునుంచి కాంపులో ఒక్కరూ నాలిక చాపి చూపించలేదు. ఇచ్చిన పొడి వెంటనే పక్కకి ఉమ్మేసేవారు. గుమ్మాల పక్కన తెల్లగా కనిపించేది. ఆ వర్షాకాలంలో ఎంతమంది పిల్లలు పోయారో రాయను. ఎవరి పిల్లలో పేరుపేరునా నాకు తెలుసు.

పై అధికారులు

సంఘానికి ఈ సంగతంతా తెలిసింది. ఎస్టేటువారితో స్నేహం చెడకూడదు, మీరు చేసింది వివేకం అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నందుకు మావారు ఆ రోజు అన్నం ముట్టలేదు. చూశారా, నా జీవితంలో చూసిన అధికారులు మూడు రకాలు. మేనేజరు లాంటివాడు అబద్ధం చెప్పడు, నువ్వు అడగని దానికి జవాబివ్వడు. సింహాద్రి లాంటివాడికి అన్నీ తెలుసు, నోరు విప్పడు. సంఘం అధ్యక్షుడి లాంటివాడు దూరంనుంచి మెచ్చుకుంటాడు. మీకు ఈ ముగ్గురూ ఎదురవుతారు. మూడోవాడితోనే ఎక్కువ జాగ్రత్త.

మావారు ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. అదే చలిజ్వరం, ఉచ్చ నల్లగా పడే జ్వరంగా మారి, నాలుగు రోజుల్లో తీసుకుపోయింది. మోయడానికి ఎవరూ రాలేదు. సింహాద్రి తన ముఠాలోంచి మనుషుల్ని పురమాయించాడు. కూలి రోజులా వచ్చారు, మోశారు, వెళ్లిపోయారు. మావారి మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. పెట్టుకుంటాను. నా మాట వినుంటే ఆయనా ఉండేవారు, ఆ పిల్లలూ ఉండేవారు. ఆ కోపంలోనే ఆయన్ని తలుచుకుంటాను, వేరే రకంగా తలుచుకోవడం నాకు చేతకాదు.

ముందు నువ్వు

సంఘం నన్ను తిరిగి రమ్మంది. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని అందరూ అడుగుతారు. త్యాగం కాదు, మొండితనం. ఓడిపోయి తిరిగి వెళ్లి ఆ చేమంతి దండలవాళ్ల మధ్య కూర్చోలేక.

కొన్నేళ్ల తరవాత ఒక పొద్దున మా తలుపు చప్పుడైంది. పైడమ్మ. భుజంమీద మనవరాలు అప్పలమ్మ, ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.  నాకు కలిగింది సంతోషమో భయమో, నిజం చెప్పాలంటే రెండూ. పొట్లం విప్పి పిల్ల నోటి దగ్గర పెట్టబోయాను. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నువ్వు మింగు, అమ్మగోరూ."

మింగాను. నీళ్లు కూడా తాగకుండా మింగాను. ఆమె నా నోరు తెరిపించి నాలిక చూసింది, ఒకప్పుడు నేను వాళ్ల నాలికలు చూసినట్టే. తరవాత పిల్లకి వేయనిచ్చింది. పిల్ల బతికింది.

మర్నాడు కాంపులో అదే పద్ధతి మొదలైంది. మందు కావాలంటే ముందు పంతులమ్మ మింగాలి. ప్రతి ఇంటి ముందూ ఒక చిటికెడు. జ్వరాలొచ్చే నెలల్లో ఎన్ని ఇళ్లు! మొదట చెవుల్లో ఈల మొదలైంది, తరవాత మిల్లు తిరుగుతున్నట్టు హోరు, తరవాత మాటలు దూరమైపోయాయి. ఫ్లాక్ ఆసుపత్రి డాక్టరు నన్ను చూసి కేకలేశాడు. ఇది మందు కాదు, నీకు విషం, మానెయ్యి అన్నాడు. మానేస్తే వాళ్లు ఉమ్మేస్తారు. ఆయనకేం తెలుసు?

అలా ఇన్నేళ్లు చేశాను. సేవ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆయన అమ్మోరి పేరుమీద ఇచ్చిన మాటని నేను చిటికెడు చిటికెడుగా తీర్చుకున్నాను. మీరు వచ్చాక మీ చేతిలో లేనిదాని మీద ఎవరికీ మాటివ్వకండి. ముఖ్యంగా వాళ్ల దేవుడి పేరుమీద ఇవ్వకండి. ఇచ్చారో, మింగడానికి సిద్ధంగా ఉండండి.

పైడమ్మ పోయి చాలా కాలమైంది. ఈ మధ్య, నేను ఇక ఈ పని మానుకుంటున్నానని అందరికీ తెలిశాక, అప్పలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకీ ఇప్పుడు ఒక పసిపిల్ల. జ్వరం. పొట్లం విప్పి, అలవాటు ప్రకారం నా చిటికెడు వేళ్లతో తీసుకుని నోటి దగ్గరికి తెచ్చాను. అప్పలమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. చిటికెడు పొడి నా వేళ్లలోంచి తీసి, తిరిగి కాగితంలో పోసింది. పొట్లం తన చేతుల్లోకి తీసుకుంది. నా ముఖంలోకి చూస్తూ ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాకు ఒక్క మాట వినబడలేదు. ఎడమ చెవి చూపించి, మళ్లీ చెప్పమన్నాను. ఆమె అప్పటికే అటు తిరిగి పిల్లకి మందు వేస్తోంది.